సేనాని పేరు, లాడ్జి పతకం: కిచెనర్ ఉదంతం

క్లుప్తంగా: బ్రిటిష్ సేనాని లార్డ్ కిచెనర్ పేరు చెక్కిన ఫ్రీమేసన్ సోదర సంఘపు పతకాలు ప్రభుత్వం ఇచ్చిన సైనిక పతకాలు కావు. ఎక్కువ భాగం ఆయనకు ఇచ్చినవి కూడా కావు. ఆయన పేరు పెట్టుకున్న లాడ్జీలు, అంటే ఆ సంఘపు సభ్య బృందాలు, తమ సభ్యుల కోసం సొంత ఖర్చుతో చేయించుకున్నవి. అలాంటి పేరు ఎలా వచ్చింది, దాని వల్ల ఎవరికి ఏం ఒరిగింది, పతకం మీద ఏది చెక్కారు, ఏది వదిలేశారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన విషయం.

పతకమే, కానీ సర్కారు ఇచ్చింది కాదు

బ్రిటిష్ కాలపు పతకాలు వేలానికి వచ్చినప్పుడల్లా వాటి మధ్య ఒక రకం వస్తువు కనిపించి కొనేవారిని తికమక పెడుతుంది. చూపుకు అది అచ్చంగా సైనిక పతకమే: పైన గుండుసూది పట్టీ, దాని కింద పట్టు రిబ్బను, రిబ్బను చివర వెండి బిళ్ల. కానీ బిళ్ల మీద రాజుగారి తల ఉండదు. దాని బదులు తాపీ మేస్త్రీ వాడే మూలమట్టం, దాని మీద ఒరిగిన వృత్తలేఖిని, ఒక లాడ్జి పేరు, ఒక అంకె ఉంటాయి. ఆ లాడ్జి పేరు ఏ కిచెనర్‌దో, వూల్‌స్లీ అనే మరో సేనానిదో అయితే తికమక రెట్టింపు అవుతుంది. యుద్ధంలో ఆ సేనాని కింద పనిచేసినందుకు ఇచ్చిన పతకం కాబోలు అనుకోవడం సహజం.

తెలుగులో లాడ్జి అంటే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చే భవనం కనుక ఇక్కడ ఒక వివరణ అవసరం. ఫ్రీమేసన్ల వాడుకలో లాడ్జి అంటే సభ్యుల బృందం. ఆ బృందం సమావేశమయ్యే గదిని కూడా అదే పేరుతో పిలుస్తారు. రాతిపని వారి సంఘాల ఆచారాలను, పనిముట్లను సంకేతాలుగా తీసుకుని బ్రిటన్‌లో పెరిగిన ఈ సోదర సంఘానికి 1717లో లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఏ లాడ్జి అయినా గ్రాండ్ లాడ్జి ఇచ్చే అధికార పత్రంతోనే నడుస్తుంది. ఆ పత్రంలో ఉండే పేరు, వరుస సంఖ్యలే పతకం మీదికి ఎక్కుతాయి.

ఈ వస్తువులను ఫ్రీమేసన్లు పతకాలు అనరు, జ్యుయెల్ అంటారు. రాళ్లు పొదగకపోయినా అదే మాట. సైనిక పతకానికీ దీనికీ అసలు తేడా అధికారంలో ఉంది. సైనిక పతకం రాజు పేరిట వస్తుంది, గెజెట్‌లో పడుతుంది, ఏది ముందు ఏది వెనక పెట్టుకోవాలో నియమం ఉంటుంది. జ్యుయెల్‌కు లాడ్జి తీర్మానం, గ్రాండ్ లాడ్జి నిబంధనలు చాలు. దాన్ని లాడ్జి సమావేశంలోనే ధరిస్తారు, యూనిఫాం మీద పెట్టుకుని పెరేడ్‌కు వెళ్లరు.

జ్యుయెళ్లలోనూ రకాలున్నాయి. లాడ్జి స్థాపన కోసం అర్జీ మీద సంతకం చేసినవారు పెట్టుకునేది స్థాపక జ్యుయెల్. ఏడాది పాటు అధ్యక్షత వహించి దిగిపోయినవారికి ఇచ్చేది మాజీ మాస్టర్ జ్యుయెల్. దీన్ని గుర్తుపట్టడం తేలిక: మూలమట్టం కింద ఒక చిన్న పలక వేలాడుతుంటుంది, దాని మీద లంబకోణ త్రిభుజం, మూడు భుజాల మీద మూడు చతురస్రాలు గీసి ఉంటాయి. బడిలో పైథాగరస్ సిద్ధాంతం అని అందరూ నేర్చుకున్న బొమ్మ అదే. యూక్లిడ్ మొదటి భాగంలో 47వ ప్రతిపాదన. కొనేవారు దాన్ని ఏదో మంత్రయంత్రం అనుకోవడమూ ఉంది.

కైరోలో సభ్యుడు, సిమ్లాలో అధిపతి

హొరేషియో హెర్బర్ట్ కిచెనర్ 1850 జూన్ 24న ఐర్లాండులోని కెర్రీ జిల్లాలో పుట్టాడు. రాయల్ ఇంజినీర్స్ దళంలో చేరి పాలస్తీనా, సైప్రస్‌లలో భూమి సర్వేలు చేశాడు. 1883లో ఈజిప్టు సైన్యంలోకి వెళ్లాడు. అదే ఏడాది కైరోలోని లా కాంకార్డియా లాడ్జి, సంఖ్య 1226లో ఫ్రీమేసన్‌గా చేరాడు. మరుసటి ఏడాది, 1884లో, కలకత్తాలోని యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు సభ్యుడయ్యాడు. తర్వాత ఆయనే వివేకానందుడు. ఈ రెండు చేరికలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ ఒకే సంఘం అటు సామ్రాజ్యపు సైనికాధికారినీ ఇటు కలకత్తా పట్టభద్రుణ్నీ ఏడాది తేడాలో చేర్చుకోగలిగిందంటే, అది కేవలం దొరల క్లబ్బు అన్న మాట పూర్తిగా నిలవదని తెలుస్తుంది. కేవలం సోదరభావం అన్న మాటా నిలవదు: కలకత్తాలోనే హిందువుల ప్రవేశం మీద ఏళ్ల తరబడి వివాదం నడిచి, 1872లో ప్రసన్నకుమార్ దత్ చేరికతో గానీ తెగలేదు.

కిచెనర్ సైనిక జీవితం వేగంగా సాగింది. 1892లో ఈజిప్టు సైన్యానికి సర్దార్, అంటే సర్వసేనాని అయ్యాడు. 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ దగ్గర మహ్దీ అనే మత నాయకుడి అనుచరుల సైన్యాన్ని ఓడించాడు. ఖార్టూమ్ పేరుతో బేరన్ బిరుదు ఆ విజయానికి దక్కిందే. 1899లో ఈజిప్టు, సూడాన్ ప్రాంతాల ఫ్రీమేసన్లకు డిస్ట్రిక్ట్ గ్రాండ్ మాస్టర్, అంటే అక్కడి లాడ్జీలన్నిటికీ అధిపతి అయ్యాడు. దక్షిణాఫ్రికా యుద్ధం ముగిశాక 1902లో భారత సైన్యానికి సర్వసేనానిగా వచ్చాడు. పంజాబు ప్రాంత ఫ్రీమేసన్ల అధిపత్యమూ ఆయనకు దక్కింది. ఆర్డర్ ఆఫ్ మెరిట్, బాత్, స్టార్ ఆఫ్ ఇండియా, సెయింట్ పాట్రిక్, చివరికి 1915లో గార్టర్ దాకా రాజు ఇచ్చే గౌరవాల వరుస ఒకవైపు పెరుగుతుంటే, గ్రాండ్ మాస్టర్ ఇచ్చే పదవుల వరుస దానికి సమాంతరంగా నడిచింది.

ఈ సమాంతరత యాదృచ్ఛికం కాదు. డిస్ట్రిక్ట్ గ్రాండ్ మాస్టర్‌ను సభ్యులు ఓట్లతో ఎన్నుకోరు, ఇంగ్లండు గ్రాండ్ మాస్టర్ నియమిస్తాడు. 1901 నుంచి 1939 దాకా ఆ స్థానంలో ఉన్నది విక్టోరియా రాణి కుమారుడు డ్యూక్ ఆఫ్ కనాట్. ఆయన స్వయంగా ఫీల్డ్ మార్షల్, 1882లో ఈజిప్టు దండయాత్రలో పాల్గొన్నవాడు, ఒకప్పుడు బొంబాయి సైన్యాధిపతి. సైన్యంలో పైనున్నవాడినే సంఘంలోనూ పైన కూర్చోబెట్టడం ఆయన కాలంలో మామూలు విషయం. సైనికులకూ ఫ్రీమేసన్లకూ ఉన్న బంధం ఇంకా పాతది. 1732లోనే ఐర్లాండు గ్రాండ్ లాడ్జి ఒక పదాతి దళానికి సంచార లాడ్జి పత్రం ఇచ్చింది. దళం ఏ ఊరికి కదిలితే లాడ్జి ఆ ఊరికి కదిలేది. మన దేశంలో కంటోన్మెంట్ ఉన్న ఊళ్లలో ఫ్రీమేసన్ భవనాలు కనిపించడానికి ఇదే మూలం. సికింద్రాబాదులో సెయింట్ జాన్స్ లాడ్జి 1822 నాటికే ఉంది.

పేరు పెట్టే పద్ధతి

సిమ్లా అప్పట్లో పంజాబు పరిధిలోది, వేసవి రాజధాని, సైన్య ప్రధాన కార్యాలయం ఉన్న చోటు. అక్కడ కిచెనర్ పేరుతో లాడ్జి ఏర్పడింది. ఆయన పేరు పెట్టుకున్న లాడ్జీలు ఇంగ్లండులోనూ వచ్చాయి. వీటి వెనకున్న పద్ధతి చూస్తే పతకం ఎవరిదో తేలిపోతుంది.

కొత్త లాడ్జి కావాలనుకున్నవారు, కనీసం ఏడుగురు, గ్రాండ్ లాడ్జికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీలోనే పేరు సూచించాలి. బతికి ఉన్న ప్రముఖుడి పేరైతే ఆయన సమ్మతి తీసుకోవడం మర్యాద. అనుమతి వచ్చాక ప్రతిష్ఠాపన సభ జరుగుతుంది, ఆ సభ నాటికి స్థాపక జ్యుయెళ్లు సిద్ధం కావాలి. లండన్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోని నగల పేటలోనో ఉన్న తయారీదారుకు నమూనా వెళుతుంది. జార్జ్ కెనింగ్, స్పెన్సర్ వంటి సంస్థలు ఈ వ్యాపారం మీదే పెరిగాయి. నమూనాలో మధ్యన ఏదో ఒకటి ఉండాలి కదా. సేనాని పేరున్న లాడ్జి అయితే ఆయన వంశ చిహ్నమో, ముఖచిత్రమో, కత్తో ఆ చోటును నింపడం సులువైన దారి. ఆ అచ్చు ఒకసారి తయారైతే చాలు, స్థాపకులకూ ఆ తర్వాత ప్రతి ఏటా దిగిపోయే మాస్టర్‌కూ అదే రూపంలో కొన్ని మార్పులతో కొత్త జ్యుయెళ్లు వస్తూనే ఉంటాయి. సేనాని చనిపోయిన ముప్పై ఏళ్లకు కూడా ఆయన పేరుతో కొత్త పతకం తయారవడంలో వింత లేదు.

కాబట్టి ఇలాంటి పతకం మీద రెండు పేర్లుంటాయి. ముందు వైపున్న పేరు లాడ్జిది, అంటే సేనానిది. వెనక వైపు చిన్న అక్షరాల్లో, చేత్తో చెక్కిన పేరు దాన్ని పెట్టుకున్నవాడిది: ఫలానా బ్రదర్‌కు, ఫలానా ఏడు మాస్టర్‌గా చేసిన సేవకు గుర్తింపుగా, లాడ్జి సోదరులు ఇచ్చింది అన్న అర్థంలో. గౌరవం నిజంగా అందింది ఈ రెండో మనిషికి. ఆయన సైన్యానికి సరుకులు అందించే కమిసరియట్ శాఖలో గుమాస్తానో, రైల్వే ఇంజినీరో, పోలీసు అధికారో అయి ఉండవచ్చు. వేలంలో ధర పెరిగేది మాత్రం ముందు వైపు పేరు చూసి.

ఇందులో లాడ్జికి లాభమేమిటన్నది తేలిక ప్రశ్న. సిమ్లా లాంటి చోట సభ్యులు నిలకడగా ఉండరు. రెండు మూడేళ్లకోసారి బదిలీలు, చలికాలంలో సగం ఊరు ఖాళీ. అలాంటి చోట పెద్ద పేరు కొత్త సభ్యులను ఆకర్షిస్తుంది, పాతవారికి పోయిన చోట చెప్పుకోవడానికి పనికొస్తుంది. సేనానికి లాభమేమిటన్నది అంత సూటిగా తేలదు. 1907 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్ అమీర్ హబీబుల్లా ఖాన్ కలకత్తా వచ్చినప్పుడు తనను ఫ్రీమేసన్‌ను చేయమని కోరాడు. డ్యూక్ ఆఫ్ కనాట్ నుంచి ప్రత్యేక అనుమతి తెప్పించి, మామూలుగా విడివిడిగా ఇచ్చే మూడు సభ్యత్వపు మెట్లనూ (డిగ్రీలనూ) ఆయనకు ఒకే రోజు ఇచ్చారు. ఆ ఏర్పాట్లలో కిచెనర్ ప్రమేయం ఉంది. సరిహద్దు రక్షణ బాధ్యత మోస్తున్న సర్వసేనానికి, పొరుగు రాజుతో ఇలాంటి బంధుత్వం పనికిరానిదేమీ కాదు.

సంఘం సిద్ధాంతం ప్రకారం లాడ్జి గదిలో అందరూ సమానులే. మట్టపుబద్ద వారికి సమానత్వ చిహ్నం. కర్నల్ సార్జెంటును బ్రదర్ అని పిలవాలి. అలాంటి సంఘం బయటి హోదాలో అత్యున్నతుడైన వాడి పేరు తలుపు మీద రాసుకోవడం వైరుధ్యమే. దీన్ని కపటం అని కొట్టేయడం కన్నా ఆ సమానత్వం హద్దులను గుర్తించడం మేలు. హోదా తేడాలను ఆ గదిలో కాసేపు పక్కన పెట్టడం వరకే వారి ఉద్దేశం, వాటిని రద్దు చేయడం కాదు. పక్కన పెట్టాలంటే ముందు హోదా ఉండాలి. సేనాని ఎంత పెద్దవాడైతే ఆయనను బ్రదర్ అనగలగడంలో అంత విలువ.

వెల్లింగ్టన్ వద్దన్న పేరు

పేరు అడిగితే ప్రతి సేనానీ ఇచ్చాడని కాదు. వాటర్లూ విజేత వెల్లింగ్టన్ డ్యూక్ ఇందుకు పెద్ద ఉదాహరణ. ఆయన తండ్రి, అన్న ఇద్దరూ ఐర్లాండు గ్రాండ్ మాస్టర్లుగా పనిచేసినవారే. ఆయన కూడా 1790 డిసెంబరులో, ఇంకా ఆర్థర్ వెస్లీగా ఉన్న రోజుల్లో, ట్రిమ్ అనే ఊళ్లో కుటుంబ లాడ్జి, సంఖ్య 494లో సభ్యుడయ్యాడు. అక్కడితో ఆగిపోయాడు.

1838లో ఆ లాడ్జి ఆయన పేరు పెట్టుకుంటామని అడిగింది. డ్యూక్ తరఫు జవాబులో సభ్యత్వాన్ని ఒప్పుకుంటూనే, తర్వాత ఎన్నడూ ఏ లాడ్జి సమావేశానికీ వెళ్లలేదని, తన పేరు ఇవ్వడం లేని అనుబంధాన్ని ఉన్నట్టు చూపడమే అవుతుందని, అది హాస్యాస్పదమని చెప్పేశారు. ఇంకా విచిత్రం, 1851లో మరొకరు ఇదే విషయం అడిగితే, తాను ఫ్రీమేసన్‌గా చేరిన జ్ఞాపకమే లేదని రాయించాడు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. మరుపా, విసుగా అన్నది ఎవరి ఊహ వారిది.

కిచెనర్‌తో పోలిస్తే రెండు తేడాలు కనిపిస్తాయి. వెల్లింగ్టన్ పేరుప్రఖ్యాతులకు లాడ్జి అవసరం లేదు; ఆయన కాలంలో ఐర్లాండులో ఏ సంఘంలో సభ్యత్వమైనా రాజకీయ అర్థాలు తెచ్చిపెట్టేది కూడా. కిచెనర్ నాటికి యువరాజులే గ్రాండ్ మాస్టర్లు, సంఘం పూర్తిగా రాజభక్తికి పర్యాయపదం. పేరు ఇవ్వడంలో ప్రమాదం పోయింది కనుకే పేర్లు విరివిగా వచ్చాయి.

మోయిరా ఆభరణం, హైదరాబాదు అప్పు

సేనాని పేరుతో ఇతరులకు ఇచ్చే పతకం ఒక పద్ధతి అయితే, సేనానికే నేరుగా ఇచ్చే ఆభరణం దానికన్నా పాత పద్ధతి. 1813 జనవరి 27న లండన్ ఫ్రీమేసన్స్ హాల్‌లో పెద్ద విందు జరిగింది. అమెరికా యుద్ధంలో బంకర్ హిల్ దగ్గర పోరాడిన జనరల్, మోయిరా ఎర్ల్, గవర్నర్ జనరల్‌గానూ సర్వసేనానిగానూ భారతదేశం బయలుదేరుతున్నాడు. 1790 నుంచి ఆయన సంఘానికి తాత్కాలిక గ్రాండ్ మాస్టర్. యువరాజు పేరుకు గ్రాండ్ మాస్టర్ అయితే పని చూసినది మోయిరాయే. 1799లో రహస్య సంఘాల నిషేధ చట్టం వచ్చినప్పుడు ఫ్రీమేసన్లకు మినహాయింపు సాధించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ రుణం తీర్చుకోవడానికి రాజవంశపు డ్యూకుల సమక్షంలో ఖరీదైన మేసనిక్ ఆభరణాన్ని బహూకరించారు.

దారిలో మారిషస్‌లో ఆగి పోర్ట్ లూయీ చర్చికి మేసనిక్ పద్ధతిలో శంకుస్థాపన చేసి, అదే ఏడాది కలకత్తా చేరాడు. నేపాల్ యుద్ధం తర్వాత మార్క్వెస్ ఆఫ్ హేస్టింగ్స్ అయ్యాడు, పిండారీ మరాఠా యుద్ధాలు ఆపైన జరిగాయి. తెలుగు చరిత్ర చదివినవారికి ఈ పేరు మరో సందర్భంలో తెలుసు. హైదరాబాదులో విలియం పామర్ కంపెనీ నిజాం సికందర్ జా ప్రభుత్వానికి అధిక వడ్డీకి అప్పులిచ్చింది. బ్రిటిష్ ప్రజలు దేశీ రాజులకు అప్పులివ్వకూడదన్న చట్టం నుంచి ఆ కంపెనీకి 1816లో మినహాయింపు ఇచ్చింది హేస్టింగ్స్ ప్రభుత్వమే. 1820లో 60 లక్షల రూపాయల అప్పుకు ఆమోదం తెలిపిందీ అదే. కంపెనీ భాగస్వాముల్లో ఒకడైన సర్ విలియం రంబోల్డ్, హేస్టింగ్స్ పెంచుకున్న యువతికి భర్త. హైదరాబాదులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) చార్లెస్ మెట్కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టాడు, కలకత్తా ప్రభుత్వంలో చీలిక వచ్చింది, హేస్టింగ్స్ 1823 మొదట్లో ఆ మచ్చతోనే దేశం వదిలాడు. బంధువుల మీద మమకారమే తప్ప తన జేబులోకి ఏమీ వేసుకోలేదని ఆయన పక్షాన వాదించినవారూ ఉన్నారు.

ఇక్కడ పోలికకు పనికొచ్చే అంశం ఒకటుంది. లండన్ ఆభరణం బహూకరించేనాటికి భారతదేశంలో ఆయన చేయబోయేది ఏదీ జరగలేదు. జీవించి ఉన్న మనిషికి ఇచ్చే ఏ గౌరవానికైనా ఉండే ఇబ్బంది ఇదే: మిగతా జీవితానికి అది హామీ ఇవ్వలేదు. కిచెనర్ పేరు పెట్టుకున్న లాడ్జీల విషయంలో కథ తిరగబడింది. వివాదాలు ముందే జరిగిపోయాయి, పేరు తర్వాత వచ్చింది.

పతకం మీద లేనివి

ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో మాక్సిమ్ మరతుపాకుల ముందు పదివేల మందికి పైగా సూడాన్ యోధులు చనిపోయారు. బ్రిటిష్, ఈజిప్టు సైన్యాల్లో చనిపోయింది యాభై లోపే. ఆ తర్వాత మహ్దీ సమాధిని కూల్చి ఎముకలను నైలు నదిలో పారవేయించడం, కపాలాన్ని విడిగా ఉంచడం బ్రిటన్‌లోనే నిరసన రేపింది, విక్టోరియా రాణి కూడా నొచ్చుకుంది. దక్షిణాఫ్రికాలో గెరిల్లా యుద్ధాన్ని అణచడానికి పొలాలు తగలబెట్టి కుటుంబాలను శిబిరాల్లోకి తోలే విధానం కిచెనర్ చేతుల్లో విస్తరించింది. ఆ శిబిరాల్లో 26 వేలకు పైగా బోయర్ (డచ్చి సంతతి వలసదారుల) స్త్రీలు, పిల్లలు రోగాలతో, ఆకలితో చనిపోయారు. నల్లజాతి వారి శిబిరాల్లోనూ వేల మరణాలు సంభవించాయి, వాటి లెక్క సరిగా రాయనే లేదు. భారతదేశంలో సైన్యం మీద పెత్తనం కోసం వైస్రాయ్ కర్జన్‌తో నడిపిన తగాదా 1905లో కర్జన్ రాజీనామాతో ముగిసింది.

వీటిలో ఒక్కటీ ఏ జ్యుయెల్ మీదా ఉండదు, ఉంటుందని ఎవరూ అనుకోరు కూడా. కానీ ఆ మౌనం కేవలం ముఖస్తుతి వల్ల వచ్చింది కాదు. లాడ్జిలో రాజకీయాలు, మతం చర్చించరాదన్నది ఫ్రీమేసన్ల పాత నియమం. భిన్న పక్షాల వారు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే ఆ నియమం తప్పదు. అదే నియమం సేనాని జీవితంలో రాజకీయమైన భాగాన్నంతా, అంటే దాదాపు జీవితమంతటినీ, చర్చకు దూరంగా ఉంచింది. మిగిలింది పేరు, చిహ్నం, సద్గుణాల మాటలు. ఈజిప్టులోనో పంజాబులోనో లాడ్జిలో కూర్చున్న స్థానిక సభ్యుడికి ఆ పేరు ఎలా వినిపించిందో పతకం చూసి తెలుసుకోలేం.

పేర్ల రాజకీయం లాడ్జీలతో ఆగలేదు. కెనడాలో జర్మన్ వలసదారులు ఎక్కువగా ఉన్న బెర్లిన్ అనే పట్టణం 1916లో, మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఒత్తిడి మధ్య ఓటింగు జరిపి, తన పేరును కిచెనర్‌గా మార్చుకుంది. పట్టణానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. తమ విధేయత మీద అనుమానాలున్నప్పుడు పెద్ద సేనాని పేరు తొడుక్కోవడం రక్షణ కవచం అవుతుందన్నది అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పటికీ ఆ ఊరి పేరు అదే.

1916 తర్వాత

1916 జూన్ 5 సాయంత్రం, యుద్ధమంత్రి హోదాలో రష్యా బయలుదేరిన కిచెనర్, ఆర్క్నీ దీవుల పడమటి తీరంలో హెచ్.ఎం.ఎస్. హాంప్‌షైర్ నౌక జర్మన్ మందుపాతరకు తగిలి మునిగిపోవడంతో చనిపోయాడు. బతికి బయటపడింది 12 మంది. ఆయన శవం దొరకలేదు. సమాధి లేని మనిషికి స్మారకాలు విస్తారంగా పుట్టాయి: గోడ ఫలకాలు, పింగాణీ పాత్రలు, నిధులు, మార్విక్ హెడ్ కొండ మీద రాతి బురుజు. ఆయన పేరున్న లాడ్జీల జ్యుయెళ్లు అప్పటిదాకా ఒక పోషకుడి గుర్తులు. ఆ రాత్రి నుంచి అవే స్మృతి చిహ్నాలయ్యాయి. అచ్చు మారలేదు, అర్థం మారింది.

అయితే ఆ యుద్ధం నుంచి వచ్చిన మేసనిక్ పతకాల్లో అత్యధికంగా తయారైనది ఏ సేనాని పేరుతోనూ లేదు. 1919లో గ్రాండ్ లాడ్జి యుద్ధ మృతుల స్మారకంగా లండన్‌లో కొత్త భవనం కట్టడానికి పది లక్షల పౌండ్ల నిధి ప్రారంభించింది. పది గినీలు, అంటే పది పౌండ్ల పది షిల్లింగులు ఇచ్చిన సభ్యుడికి ఒక జ్యుయెల్. సభ్యుల సగటున ఆ మొత్తం ఇచ్చిన లాడ్జికి మాస్టర్ మెడలో వేసుకునే జ్యుయెల్ వేరుగా. దీన్ని హాల్ స్టోన్ జ్యుయెల్ అంటారు. సిరిల్ సాండర్స్ స్పాక్‌మన్ అనే కళాకారుడు గీసిన నమూనా ఇది. శిలువ ఆకారం, త్యాగానికి గుర్తు. దాని నాలుగు కొసలూ చతురస్రాలు. ఎడమ, కుడి చతురస్రాల్లో 1914, 1918. మధ్యలో రెక్కలున్న శాంతిమూర్తి చేతులు చాచి చిన్న ఆలయాన్ని అందిస్తూ ఉంటుంది. ఆలయానికి స్తంభాలు, మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ శిలువ మూలమట్టం, వృత్తలేఖినుల నుంచి వేలాడుతుంది. వ్యక్తులకు 53,224 జ్యుయెళ్లు వెళ్లాయి, 1,321 లాడ్జీలు హాల్ స్టోన్ లాడ్జీలయ్యాయి. డ్యూక్ ఆఫ్ కనాట్ 1933లో ప్రారంభించిన ఆ భవనంలోని స్మారక పత్రంలో 3,225 మంది పేర్లున్నాయి.

ఒక సేనాని పేరు నుంచి మూడు వేల పేర్ల జాబితాకు ఈ మార్పు ఫ్రీమేసన్ల సొంత ఆవిష్కరణ కాదు. ఆ యుద్ధం తర్వాత బ్రిటన్ అంతటా స్మారక సంస్కృతి జనరళ్ల గుర్రపు విగ్రహాల నుంచి ఊరూరా సిపాయిల పేర్ల పలకల వైపు మళ్లింది. అయినా పాత అలవాటు పూర్తిగా పోలేదు. ఫీల్డ్ మార్షల్ డగ్లస్ హేగ్ 1881లోనే స్కాట్లండులో లెవెన్ ఊరి లాడ్జిలో చేరి, మిగతా రెండు మెట్లూ ఎక్కకుండా నాలుగు దశాబ్దాలు గడిపి, 1924లో వాటిని పూర్తి చేసి, ఆ వెంటనే అదే లాడ్జికి మాస్టర్ అయ్యాడు. యుద్ధంలో ఆయన కింద పనిచేసినవారు ఇప్పుడు సోదరులుగా పక్కన కూర్చున్నారు.

ఇప్పుడు చేతికి వస్తే

భారతదేశంలో ఈ వస్తువులు ఎక్కడి నుంచి బయటపడతాయన్నది ఊహించడం కష్టం కాదు. 1947 తర్వాత బ్రిటిష్ సభ్యులు వెళ్లిపోయారు, చాలా లాడ్జీలు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడి రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్ మొదటి గ్రాండ్ మాస్టర్ అయ్యాక, పలు లాడ్జీలు అందులో చేరి కొత్త సంఖ్యలు తీసుకున్నాయి. మరికొన్ని ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లాండు పరిధుల్లోనే ఉండిపోయాయి. హైదరాబాదులో తానీషా కాలపు గోషామహల్ బారాదరి పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఫ్రీమేసన్ల చేతుల్లోనే ఉంది. ఉత్తరాదిన ఇలాంటి భవనాలను జనం జాదూఘర్, అంటే మాయల ఇల్లు అనేవారు. లోపల జరిగేది తెలియనప్పుడు వస్తువులకూ ఆ మాయ అంటుకుంటుంది, ధరకూ అంటుకుంటుంది.

పతకాన్ని చదవడానికి మూడు చోట్లు చూడాలి. మొదటిది లాడ్జి సంఖ్య. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి చివరిసారి సంఖ్యలన్నీ సర్దింది 1863లో. ఆ తర్వాత వరుస తప్పలేదు కనుక సంఖ్యను బట్టి లాడ్జి పుట్టిన కాలం తెలుస్తుంది. రెండోది వెండి ముద్ర. లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్, చిరుత తల ఉంటే లండన్, నడిచే సింహం 92.5 శాతం వెండికి హామీ, పక్కనున్న అక్షరం తయారైన ఏడు. స్థాపక జ్యుయెల్ అని చెప్పి అమ్ముతున్న వస్తువు మీద లాడ్జి పుట్టిన ఇరవై ఏళ్ల తర్వాతి అక్షరం ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. మూడోది వెనక చెక్కిన పేరు. రిబ్బను రంగు సాయపడుతుంది గానీ నమ్మదగింది కాదు: లేత నీలం మామూలు లాడ్జిది, ముదురు నీలం గ్రాండ్ లాడ్జి, డిస్ట్రిక్ట్ అధికారులది, కానీ రిబ్బన్లు చిరిగితే మార్చేస్తారు.

భారతదేశంలో కొని దాచుకునేవారికి చట్టపరమైన మరో సంగతి కూడా ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం నూరేళ్లు నిండిన నాణేలను, పనితనమున్న కళావస్తువులను పురావస్తువులుగా లెక్కిస్తుంది. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. కిచెనర్ సిమ్లాలో ఉన్న రోజుల్లో చేయించిన జ్యుయెళ్ల వయసు ఆ గీత ఎప్పుడో దాటింది. విదేశీ వేలం సంస్థకు పంపుదామనుకునే వారసులు ముందు చూసుకోవాల్సింది రిబ్బను కింద వెండి ముద్ర పక్కనున్న ఆ చిన్న అక్షరాన్నే.